సున్నా తీసేస్తే

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా
వంటషెడ్డు వెనక బండెక్కి
నా మొహాన్ని నేనే పైకెత్తి పట్టుకుంటాను.
ఇరాల దాటినాక సిగ్నలంటే ఆ ఒక్కచోటే.
"కళ్ళు ఆర్పండి" అంటుంది ఫోను.
ఆర్పుతాను.
"ముఖం సరిపోలేదు."
ఇరవై రెండేళ్ళుగా ఇదే మొహంతో ఒత్తులు దిద్దిస్తున్నాను,
నిద్ర చాలని ఈ పూట ఎవరిదనుకుందో మరి.
కుప్పమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చి
"ఉండమ్మా, ఎండ కొడతాంది" అని
కొంగు చాపి నీడ పడుతుంది.
అప్పుడు నేను నేనే అవుతాను.

చిత్తూరు ట్రైనింగులో పక్క కుర్చీ హైమావతి టీచరు
నా ఫోనులో ఇంకో నాలుగు నాటింది,
నారు మిగిలిపోయినట్టు.

ఒకటి అడుగులు లెక్కపెట్టేది.
కాణిపాకం రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా
నేను నడిచానని రాసుకుంటుంది.
కూర్చున్నచోటే మూడువేల అడుగులు,
పైగా చప్పట్లు.
బెంచీల మధ్య పొద్దుగూకులూ తిరిగేటప్పుడు మాత్రం
హ్యాండుబ్యాగులో నిద్రపోతుంటుంది.

ఇంకొకటి గంటగంటకూ
"నీళ్ళు తాగారా?" అని అడుగుతుంది.
ఎంత మర్యాదో.
దాని పక్కనే బడివాళ్ళ యాపు
మరుగుదొడ్డి ఫోటో పెట్టమంటుంది,
తలుపు తీసి, లోపలిదాకా.
కొళాయి రాని రోజు
మొదటిదానికి నేనేం చెప్పాలో
రెండోదానికి తెలుసు.
ఒకే అరచేతిలో ఉంటాయి గానీ
వాటికీ వాటికీ మాటల్లేవు.

ఖర్చులు రాసేదానికి నాలుగే గదులు:
తిండి, ప్రయాణం, వైద్యం, వినోదం.
చీటీ కట్టిన డబ్బు ఎందులో?
మూర మల్లెపూలు?
మునివేలుకు కొన్న రెండుగీతల పుస్తకం?
అన్నీ "ఇతరములు"లో తోసేశాను.
నెలాఖరుకు గుండ్రంగా బొమ్మ గీసి చూపిస్తే
జీతంలో పెద్ద ముక్క ఇతరములే.
మా ఆయన తొంగిచూసి
"అందులో నేనుండానా?" అన్నాడు.

మాట చెబితే రాసిపెట్టేది మిగిలింది.
పాఠం ప్లాన్లకు పనికొస్తుందనుకున్నాను.

మునివేలు ఏడో తరగతి.
నోరు తెరిస్తే ఊరంతా దిగొస్తుంది,
పెన్ను పడితే వేళ్ళు కొయ్యలైపోతాయి.
వాడి నోటుబుక్కులో తేదీ ఒక్కటే ఉంటుంది,
అదీ పక్కవాడు వేసిచ్చింది.
శుక్రవారం చివరి పీరియడు, ఏం తోచిందో,
ఫోను వాడి ముందు పెట్టి "చెప్పరా" అన్నాను.

"మా కయ్యలో నీళ్ళు నిలిచుండాయి.
మా జేజి గెనిమ మింద నడస్తా వచ్చె.
గంప నిండా చెనిక్కాయలు."

అది రాసింది:
"మా కయ్యంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.
మా జేజేలు సినిమా మీద నడుస్తూ వచ్చే.
పంపు నిండా చిన్న కాయలు."

క్లాసంతా పొర్లి పొర్లి నవ్వింది.
వాడు నవ్వలేదు.
తెర మీద ఒక్కో అక్షరానికీ గోరు ఆనించి
చదివాడు. నిజంగా చదివాడు.
"మేడమ్, నాకన్నా దీనికే
ఎక్కువ తప్పులొస్తాండాయి!"

ఆ గొంతులో అట్లాంటి సంతోషం
నేను ఏ మార్కులకూ వినలేదు.

నల్లబల్ల దగ్గరికి పోయాడు.
అది రాసిందే ముందు రాశాడు, వంకరగా: కయ్యం.
బొటనవేలు ఎంగిలితో తడుపుకుని
చివరి సున్నాను తుడిచేశాడు.
కొట్లాట పోయి
వరిమడి మిగిలింది.

గెనిమ దగ్గర చానాసేపు ఆగాడు.
"గుడి యాడ పెట్టాల మేడమ్?"
"'న' మింద రా" అన్నాను.
నా నోట్లోంచి ఆ "మింద" ఎప్పుడు వచ్చిందో
నాకే తెలీదు.

అంతలో బల్ల మీద ఫోను మోగింది:
"నీళ్ళు తాగారా?"

"తాగలేదని చెప్పు మేడమ్,"
సుద్దముక్క దించకుండానే అన్నాడు,
"ఇంగా రాస్తాండామని చెప్పు."